కాలేయంలో కొవ్వు తగ్గాలంటే పేగులోని బ్యాక్టీరియాకు ఏం పెట్టాలి

పొట్ట స్కాన్ తీయించుకున్నారు. రిపోర్టు చివర ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని ఉంది. డాక్టరు నూనె తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు, ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. సలహా సరైనదే, కానీ సగమే. కాలేయంలో కొవ్వు చేరడమూ తగ్గడమూ పెద్దపేగులోని బ్యాక్టీరియా రోజూ ఏం తయారుచేసి కాలేయానికి పంపుతున్నాయన్న దానిమీద కూడా ఆధారపడతాయి. అవి ఏం తయారుచేస్తాయన్నది మనం వాటికి ఏం మిగిల్చామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ రెండో సగాన్ని విజయవాడ, గుంటూరు ఇళ్లలో వండుకునే వంటలతోనే ఎలా చేయవచ్చో ఇక్కడ చెబుతాను. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, సిరోసిస్ అని తేలినవారు, పేగు ఆపరేషన్ అయినవారు మాత్రం తమ డాక్టరుతో మాట్లాడాకే ఇందులో ఏదైనా మొదలుపెట్టాలి.

ముందు ఆ కొవ్వు ఎక్కడిదో తెలుసుకోండి

‘నూనె మానేశాను, అయినా తగ్గలేదు’ అనే మాట తరచుగా వింటుంటాం. దానికి కారణం ఉంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారి కాలేయంలోని కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో 2005లో ఒక అధ్యయనం లెక్క తీసింది. 59 శాతం ఒంట్లో అప్పటికే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా వచ్చి చేరింది. 26 శాతం కాలేయం తనంతట తానే చక్కెర, పిండిపదార్థాల నుంచి తయారుచేసుకుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. అంటే నూనె డబ్బా ఒక్కదానితో పోరాడేవారు అన్నిటికంటే చిన్న వాటాతో పోరాడుతున్నారు. పెద్ద వాటాలు రెండింటినీ నడిపేది ఇన్సులిన్ తీరు. ఆ తీరును మార్చగలిగే వాటిలో పేగు బ్యాక్టీరియా ఒకటి.

కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిలో ఏది కలిస్తే కాలువ కింద మొదటి పొలానికి అదే చేరినట్టు, పేగులో తయారైనది మంచిదైనా చెడ్డదైనా ముందు కాలేయానికే చేరుతుంది.

మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడతాయి. అప్పుడు ముఖ్యంగా మూడు చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి: ఎసిటేట్, ప్రొపియనేట్, బ్యుటిరేట్. బ్యుటిరేట్‌ను ఎక్కువగా పేగు గోడలోని కణాలే వాడుకుంటాయి, వాటికి ప్రధాన ఇంధనం అదే. ఆ కణాలు బలంగా ఉంటే పేగు గోడలో సందులు పడవు, బ్యాక్టీరియా శిథిలాల్లోని విషపదార్థాలు రక్తంలోకి జారవు. ప్రొపియనేట్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం పట్టేసుకుంటుంది. ఈ ఆమ్లాలు పేగు గోడలోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను విడుదల చేయిస్తాయి. ఆకలి తగ్గడానికి, ఇన్సులిన్ సవ్యంగా పనిచేయడానికి తోడ్పడేవి ఇవే. కాలేయ కణాల్లో ఏఎమ్‌పీకే అనే ఎంజైమ్ చురుకైతే కొవ్వు తయారీ తగ్గి, కొవ్వును దహించడం పెరుగుతుంది. ఈ ఆమ్లాలు దాన్ని చురుకు చేస్తాయని జంతువులపై చేసిన ప్రయోగాలు చూపాయి.

పీచు అందకపోతే బ్యాక్టీరియా ఊరుకోవు. ఎలుకలకు పీచు లేని మేత పెట్టి 2016లో చేసిన పరిశోధనలో అవి పేగు గోడకు రక్షణగా ఉన్న జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడితే విషపదార్థాలు లోపలికి దారి చూసుకుంటాయి, కాలేయంలో వాపు మొదలవుతుంది. కాలేయంలో కొవ్వు మాత్రమే ఉండటం ఒక దశ. దానికి వాపు తోడైతే అసలు చిక్కు మొదలవుతుంది.

మొదటి పని: తాగే తీపి ఆపండి

పీచు సంగతి చెబుతానని తీపితో మొదలుపెట్టడానికి కారణం ఎసిటేట్. కాలేయం కొవ్వు తయారుచేసుకోవడానికి ముడిసరుకుగా అది కూడా పనికొస్తుంది. చిన్నపేగు పట్టుకోలేనంత ఫ్రక్టోజ్ ఒక్కసారిగా వచ్చి పడితే మిగిలినది పెద్దపేగుకు జారుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని ఎసిటేట్‌గా మార్చి పంపితే కాలేయం దానితో కొవ్వు కడుతుందని 2020లో ఎలుకలపై చేసిన పరిశోధన చూపింది. ఒక చేత్తో తీపి పోస్తూ మరో చేత్తో పీచు పెడితే లాభం ఉండదు.

కాబట్టి చెరకు రసం, కూల్‌డ్రింకులు, డబ్బా పండ్లరసాలు, సెంటర్లలో అమ్మే బాదంపాలు మానేయండి. మే నెలలో బెజవాడ ఎండకు ఇది కష్టమే. మజ్జిగలో ఉప్పు, కరివేపాకు, అల్లం వేసుకుని తాగండి, ఉప్పు చేయి కాస్త తగ్గించి. టీ రోజుకు ఎన్నిసార్లు తాగుతారో లెక్కపెట్టి ప్రతి కప్పులోనూ పంచదార సగం చేయండి, తర్వాత మానేయండి. పండును పండుగానే తినవచ్చు. బత్తాయి తొనలకూ బత్తాయి రసానికీ కాలేయం దృష్టిలో చాలా తేడా ఉంది. నూజివీడు మామిడి రోజుల్లో భోజనం తర్వాత కాయలకు కాయలు తినే అలవాటును మాత్రం ఒక చెక్కకు తెచ్చుకోవాలి.

మద్యం గురించి ఒక్క మాట. కాలేయంలో కొవ్వు ఉందని తెలిశాక ‘అప్పుడప్పుడు’ అనేదానికి చోటు లేదు.

రెండో పని: పప్పును పొట్టుతో తినడం

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే, ఖర్చు తక్కువ పని కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీలు తినేవారికి సుమారు 40 గ్రాముల పీచు కావాలని 2010లో చెప్పింది. అదే సంస్థ 2017 ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. పెసరపప్పులో సుమారు 9, పొట్టు తీయని పెసల్లో 17. మినపపప్పులో సుమారు 12, పొట్టుతో ఉన్న మినుముల్లో 20. గోధుమరంగు శనగల్లో 25. కృష్ణా డెల్టాలో వరి కోతల వేళ పొలంలో మిగిలిన తేమ మీదే మినుములూ పెసలూ చల్లే సీమ ఇది. పండించేది మనమే. పొట్టు తీయించి, తెల్లగా మెరిసే గుళ్లు కొని, పీచు కోసం మళ్లీ మందుల షాపుకు వెళ్లేది కూడా మనమే.

ఇడ్లీకి, మినపరొట్టెకు పొట్టు మినపపప్పు వాడండి. కడిగేటప్పుడు పొట్టంతా గాలించి పారబోయకుండా సగమైనా ఉంచి రుబ్బండి. ఇడ్లీ రంగు కాస్త తగ్గుతుంది, ఇంట్లో ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు, వారంలో అలవాటు పడతారు. పెసరట్టు ఎలాగూ పొట్టు పెసలతోనే వేస్తాం కాబట్టి దానికి మార్పు అక్కర్లేదు. అందులోకి ఉప్మా, పక్కన బెల్లం దట్టించిన అల్లంపచ్చడి అవసరమా అన్నదే ఆలోచించాల్సిన విషయం.

ఉలవచారు గురించి అందరికీ ఒక భ్రమ ఉంది. ఉలవలు మంచివి, కాబట్టి ఉలవచారు మంచిది అనుకుంటారు. ఉలవలు ఉడికించిన నీళ్లను మరిగించి చేసేది ఆ చారు. పీచు చాలావరకు ఉడికిన గింజలోనే ఉండిపోతుంది, ఆ గింజను పశువులకు పెట్టడం మన వాడుక. గేదె బ్యాక్టీరియాకు అందుతున్న మేత మన బ్యాక్టీరియాకు అందడం లేదు. చారు కాచుకోండి, కాదనను. కానీ గింజల్లో కొన్ని తీసి ఉల్లిపాయ, ఎండుమిర్చి తాలింపు వేసి గుగ్గిళ్లుగా తినండి. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీల వేళకు ఇంట్లో శనగ గుగ్గిళ్లో, బొబ్బర్ల గుగ్గిళ్లో సిద్ధంగా ఉంటే సగం యుద్ధం అక్కడే గెలుస్తారు.

ఎలా మొదలుపెట్టాలి? నెమ్మదిగా. పప్పుధాన్యాల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు. బ్యాక్టీరియాకు అవి విందు, మీకు గ్యాసు. ఇన్నాళ్లూ పీచు తక్కువగా తిన్న పేగుకు ఒకేసారి గిన్నెడు శనగలు పెడితే కడుపు ఉబ్బి, ‘నాకు పడదు’ అని మూడో రోజు మానేస్తారు. మొదటి వారం రోజుకు రెండు చెంచాల ఉడికిన గింజలు చాలు. రెండో వారం చిన్న గుప్పెడు. నెల తిరిగేసరికి చిన్న కప్పు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. తాలింపులో ఇంగువ, వాము వేయండి. నీళ్లు తాగడం పెంచండి, లేకపోతే పీచు మలబద్ధకాన్ని పెంచుతుంది. కొందరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి, వారు వాటి మోతాదు తగ్గించుకుని పప్పుతో ముందుకు వెళ్లవచ్చు. నెమ్మదిగా పెంచినా కడుపునొప్పి, విరేచనాలు వస్తుంటే, మలంలో రక్తం కనిపిస్తే అది గ్యాసు సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి.

ఫలితం ఎంత త్వరగా మొదలవుతుందంటే, ఆహారం పూర్తిగా మార్చిన ఒకటి రెండు రోజుల్లోనే పేగు బ్యాక్టీరియా పొందిక మారడం 2014లో వచ్చిన ఒక పరిశోధనలో కనిపించింది. పాత తిండికి తిరిగిరాగానే అంతే వేగంగా అవీ పాత స్థితికి తిరిగొచ్చాయి. కార్తీక మాసంలో నియమంగా తిని, మిగతా ఏడాది మామూలే అంటే కుదరని వ్యవహారం ఇది.

అన్నం సంగతి

అన్నం మానేయమని చెప్పను, చెప్పినా ఇక్కడ ఎవరూ వినరు. కంచంలో అన్నం, కూర ఎంతెంత ఉండాలో మాత్రం తిరగేయండి: ముందు కూర, పప్పు పెట్టుకుని మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. రాత్రి పూట వారానికి మూడు నాలుగు రోజులు జొన్నరొట్టె తినండి. పల్నాడు వైపు పాతవాళ్లకు ఇది కొత్త కాదు. జొన్నల్లో పీచు బియ్యంకంటే మూడు రెట్లకు పైనే.

చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రూపంలోకి మారి బ్యాక్టీరియాకు ఆహారమవుతుందని మీరూ వినే ఉంటారు. నిజమే. చైనాలో 200 మంది ఫ్యాటీ లివర్ రోగుల్లో కొందరికి ఇలాంటి అరగని పిండిని రోజుకు 40 గ్రాముల చొప్పున నాలుగు నెలలు ఇచ్చారు. మామూలు పిండి తిన్నవారితో పోలిస్తే వారి కాలేయ కొవ్వు గణనీయంగా తగ్గిందని 2023లో ప్రచురించారు. తగ్గిన బరువును లెక్కలోంచి తీసేసినా తేడా నిలిచింది. ఇది వినగానే చద్దన్నాన్ని మందుగా చేసేయకండి. వాళ్లు ఇచ్చింది ప్రత్యేక రకం మొక్కజొన్న పిండి. వండగానే వంద గ్రాముల అన్నంలో అరగని పిండి అర గ్రాము పైచిలుకు ఉంటే, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వేడిచేశాక కొలిచినప్పుడు సుమారు 1.65 గ్రాములు తేలింది. ఆ లెక్కన 40 గ్రాములు కావాలంటే దాదాపు రెండున్నర కిలోల అన్నం తినాలి!

కాబట్టి చద్దన్నం మంచి అలవాటుగా ఉండనివ్వండి, చికిత్సగా కాదు. తినేటట్టయితే జాగ్రత్త అవసరం. అన్నం ఉడికినా చావని ఒక బ్యాక్టీరియా బీజాలు వెచ్చని గదిలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పెరుగు, పచ్చి ఉల్లిపాయతో తినండి. ఎండాకాలంలో వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేసిన అన్నం జోలికి వెళ్లకండి.

కూరగాయలు, ఆకులు, గింజలు

పటమట రైతుబజారుకో, గుంటూరు కొల్లి శారదా మార్కెట్‌కో వెళ్లినప్పుడు ఒక్కటే గుర్తుపెట్టుకోండి: ఎన్ని కిలోలు కొన్నారన్నది కాదు, ఎన్ని రకాలు కొన్నారన్నది ముఖ్యం. ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో రకం పీచు మీద బతుకుతుంది. తోటకూర, చుక్కకూర, మునగాకు, గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ, వంకాయ మార్చి మార్చి వండండి. లంక గ్రామాల నుంచి వచ్చే అరటి దూటను చాలామంది మర్చిపోయారు. దాన్ని సన్నగా తరిగి, నార తీసి, పెరుగుపచ్చడి చేసుకోవచ్చు. గోంగూర మంచిదే, కానీ పచ్చడి పైన తేలే నూనెను గోంగూర ఖాతాలో వేయకండి.

మొక్కల్లోని వగరు, రంగు ఇచ్చే పాలీఫినాల్స్ చాలావరకు చిన్నపేగులో పట్టుబడకుండా పెద్దపేగుకు చేరతాయి. అక్కడ బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి వాడకానికి వచ్చే రూపంలోకి మారుస్తాయి. అవిసె గింజలు, నువ్వుల్లోని లిగ్నాన్లు ఎంటరోలాక్టోన్‌గా మారేది ఇలాగే. దానిమ్మలోని పదార్థం యూరోలిథిన్‌గా మారేదీ ఇలాగే. అయితే యూరోలిథిన్ తయారుచేసే బ్యాక్టీరియా అందరి కడుపులోనూ ఉండదు. పక్కింటివారికి పనిచేసిన పండు మీకు పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఏదో ఒక పండును పట్టుకుని వేలాడటం కంటే జామ, నేరేడు, ఉసిరి, దానిమ్మ వేటి కాలంలో వాటిని తినడం తెలివైన పని. చెంచాడు అవిసె గింజలు వేయించి, పొడి కొట్టి కారప్పొడిలో కలపండి. నమలకుండా మింగిన గింజ ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది.

జలుబు చేసిన ప్రతిసారీ మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకునే అలవాటు ఉంటే మానేయండి. యాంటీబయాటిక్ వాడినవారి రక్తంలో ఎంటరోలాక్టోన్ తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. తయారుచేసే జీవే పోయాక గింజలు తిని లాభమేమిటి?

కొనకూడనివి

పసుపు మాత్రలు. దుగ్గిరాల పసుపు కూరలో వేసుకోండి, ఎంతమాత్రం భయపడనక్కర్లేదు. కానీ పసుపు సారాన్ని గాఢం చేసి, బాగా ఒంటపట్టడానికి మిరియాల సారం కలిపి అమ్మే మాత్రల వల్ల కాలేయమే దెబ్బతిన్న కేసులను అమెరికా వైద్యులు నమోదు చేశారు. కాలేయం బాగు కోసం కాలేయాన్ని దెబ్బతీసే మాత్ర కొనడం కంటే విడ్డూరం లేదు. ‘లివర్ డిటాక్స్’ అని అమ్మే ఏ పొడికైనా ఇదే అనుమానం వర్తిస్తుంది.

ఇన్యులిన్ లాంటి శుద్ధి చేసిన పీచు పొడులు కూడా ఆహారానికి బదులు కావు. జన్యులోపం ఉండి, పేగు బ్యాక్టీరియా చెదిరిపోయిన ఎలుకలకు అలాంటి శుద్ధి చేసిన పీచు పెడితే కొన్నిటికి కాలేయ క్యాన్సర్ వచ్చిందని 2018లో తేలింది. మనుషులకు అలా అవుతుందని కాదు, పీచు అనగానే కళ్లు మూసుకుని చెంచాలతో వేసుకోవద్దని. ఇసబ్‌గోల్ వేరే కథ: బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేవు, కాబట్టి బ్యుటిరేట్ కోసం అది దండగ. పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపి కొలెస్ట్రాల్ కాస్త తగ్గిస్తుంది, విరేచనం సాఫీ చేస్తుంది, అంతవరకే.

ఒక రోజు లెక్క

40 గ్రాములు అందుతున్నాయో లేదో ఇలా చూసుకోండి. సాయంత్రానికి 50 గ్రాముల ఎండు శనగలతో చేసిన గుగ్గిళ్లు 12 గ్రాములు ఇస్తాయి. రెండు పూటలా కలిపి 300 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఇంచుమించు 9. ఒక జామకాయ 8. రాత్రి 60 గ్రాముల పిండితో జొన్నరొట్టె 6. మధ్యాహ్నం పప్పు 3. బియ్యం 150 గ్రాములైతే 4. మొత్తం 42. ఇందులో విదేశీ పండు గానీ, ఆన్‌లైన్లో తెప్పించుకునేది గానీ ఒక్కటీ లేదు.

ఫలితం ఎలా తెలుస్తుంది

బరువు ఎక్కువున్నవారు అందులో 5 శాతం తగ్గితే కాలేయ కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోలవారికి 4 కిలోలు మొదటి గురి. పీచు, బ్యాక్టీరియా ఆ పనిని తేలిక చేస్తాయి, దానికి బదులుగా నిలవవు. కడుపు మాడ్చుకుని నెలలో పది కిలోలు దించితే కాలేయం ఇంకా చెడే ప్రమాదం ఉంది.

మూడు నుంచి ఆరు నెలల తర్వాత రక్తపరీక్షలు, స్కాన్ మళ్లీ చేయించండి. కొవ్వు కొద్దిగా ఉన్నప్పుడు మామూలు అల్ట్రాసౌండ్‌కు అది సరిగా కనిపించదు, కాబట్టి ‘నార్మల్’ అని రాగానే పాత అలవాట్లకు మళ్లవద్దు. వీలుంటే కొవ్వునూ గట్టిదనాన్నీ కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించండి. అది లేకపోయినా ఇంట్లోనే ఒక లెక్క వేసుకోవచ్చు, దాని పేరు ఫిబ్-4. రక్తపరీక్ష రిపోర్టులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే రెండు కాలేయ ఎంజైమ్‌ల అంకెలు ఉంటాయి. వయసును ఏఎస్‌టీతో గుణించండి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 48 ఏళ్లు, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు అనుకుంటే 1920ని 1680తో భాగించగా 1.14 వస్తుంది. 1.3 లోపు ఉంటే కాలేయం గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువ, 65 దాటినవారికి ఆ హద్దు 2.0. అంతకు మించితే గుగ్గిళ్లు తింటూనే ఆ కాగితం పట్టుకుని కాలేయ నిపుణుడి దగ్గరికి వెళ్లండి.